జయకుమారి ఖాళీ చేయలేదు

జయకుమారిది పెద్ద నోరు అని మా సందులో అందరూ అనేవాళ్లు. నేనూ అనేవాణ్ణి. కుళాయి దగ్గర ఎవరైనా వరస తప్పి బిందె పెడితే ఊరుకోదు. కూరగాయల బండివాడు తూకంలో మోసం చేస్తే ఊరుకోదు. చర్చిలో చందా లెక్క చెప్పకపోతే పాస్టరుగారినైనా నిలబెట్టి అడుగుతుంది. ఆమె ఊరుకోకపోవడానికి మేం నోరు అని పేరు పెట్టాం. మేం ఊరుకోవడానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాం. ఆ రెండు పేర్లూ తప్పేనని తెలుసుకోవడానికి నాకు పోయినేడాది ఏప్రిల్ దాకా పట్టింది.

గుంటూరు మిర్చియార్డుకి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది మేమున్న ఇల్లు. కట్టించింది రోశయ్యగారు. ఒకే వరసలో మూడు పోర్షన్లు, పైన రేకులు, ముందు ఉమ్మడి వాకిలి, వాకిట్లో బోరు మోటారు. మొదటి పోర్షన్‌లో నేనూ, నా భార్యా, ఇద్దరు పిల్లలూ. నేనొక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. మధ్య పోర్షన్‌లో ఆటో నడిపే నజీర్, అతని భార్య నసీమున్నీసా. చివరి పోర్షన్‌లో జయకుమారి ఒక్కతే. మేం దిగి ఆరేళ్లు, నజీర్ వాళ్లు దిగి మూడేళ్లు. ఆమె మాత్రం అక్కడ పంతొమ్మిదేళ్ల నుంచి ఉంటోంది.

ఆమె పుట్టింది వినుకొండ అవతల ఓ పల్లెలో. బడి మానేసి పత్తి తీతకి వెళ్లేనాటికి పదేళ్లు నిండలేదట. పెళ్లయ్యాక భర్త తోమాతో కలిసి గుంటూరు వచ్చింది. తోమా ఒక కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోసేవాడు. ఆమె మిరపకాయలకు తొడిమలు తీసే పనిలో చేరింది. జనవరి నుంచి మే దాకా సీజను. పొద్దున్నే వెళ్లి షెడ్డులో నేల మీద కూర్చుంటే మళ్లీ లేచేది పొద్దుగూకాకే. గొంతులో ఘాటు, వేళ్లకు మంట. ఆ చేత్తో కన్ను తుడుచుకోకూడదు, పక్కనున్న పసిపిల్లను ఎత్తుకోకూడదు. ఆ పని చేస్తూనే కూతురు ఫెబాని నర్సింగు చదివించింది. ఫెబా ఇప్పుడు ఒంగోలులో ఉద్యోగం చేస్తోంది.

తోమా పోయి పన్నెండేళ్లు. స్టోరేజీలో బస్తాల వరస కూలి మీద పడింది. 'అతను మా మనిషి కాదు, ఎవరి కోసమో వచ్చి మధ్యలో నిలబడ్డాడు' అని యజమాని చేతులు దులుపుకున్నాడు. హాజరు పుస్తకంలో తోమా పేరు లేదు. ఎనిమిదేళ్లుగా అక్కడే మోస్తున్న మనిషి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. నాలుగేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగితే చివరికి రావలసినదాంట్లో సగం కూడా రాలేదు.

"కాయితంలో లేకపోతే మనిషి చచ్చినా చచ్చినట్టు కాదు మాస్టారూ" అని ఒకసారి నాతో అంది. ఏడుస్తూ కాదు, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

అప్పట్నుంచి ఆమె ఏ కాగితమూ పారేయదు. కరెంటు బిల్లులు, గ్యాసు పుస్తకం, రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీలు, అన్నిటి మీదా ఆ ఇంటి డోరు నంబరు. రోశయ్యగారు నెలనెలా అద్దె అందినట్టు సంతకం పెట్టి ఇచ్చిన చిన్న చిన్న చీటీలు కూడా ఉన్నాయి. ఆయన గుమస్తాగా బతికిన మనిషి. ఏదైనా రాసిస్తేగానీ ఆయనకు నిద్ర పట్టేది కాదు.

ఆయన పోయాక ఇల్లు కొడుకు శివనాగరాజు చేతికొచ్చింది. శివనాగరాజుది స్థలాల వ్యాపారం. అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయని తెలియగానే గుంటూరులో సందు చివరి స్థలానికి కూడా రెక్కలొచ్చాయి. మార్చిలో ఒక ఆదివారం అతను కారులో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. వెంట ఇద్దరు మనుషులు. జయకుమారి అప్పుడే చర్చి నుంచి వచ్చింది.

"నెలాఖరుకల్లా ముగ్గురూ ఖాళీ చెయ్యాలి. మే నెలలో ఇల్లు పడగొడుతున్నాం" అన్నాడు శివనాగరాజు.

నజీర్ తల వంచుకున్నాడు. నేను గొంతు సవరించుకుని, "సార్, పిల్లలకి పరీక్షలున్నాయండీ" అన్నాను.

"మీ పిల్లల పరీక్షలు నాకెందుకు మాస్టారూ?"

నేను వెనక్కి జరిగాను. జయకుమారి బైబిలు నసీమున్నీసా చేతికిచ్చి ముందుకొచ్చింది.

"జూన్ దాకా టైమియ్యి నాగరాజు బాబూ. ఇప్పుడు సీజను. ఇల్లెతుక్కునే తీరిక లేదు. జూన్‌లో నువ్వు చెప్పబల్లేదు, నేనే పోతా. మా అడ్వాన్సులు మాకిచ్చెయ్యి. ఈ ముక్క కాయితం మీద రాసియ్యి."

"కాయితమా? నా ఇంటికి నేను నీకు కాయితం రాసివ్వాలా?"

"మీ నాయన రాసిచ్చేవాడుగా నెలనెలా."

"మా నాన్న మెతక. అందుకే మీలాంటోళ్లని తెచ్చి ఇంట్లో పెట్టాడు." పక్కనున్న మనిషి వైపు తిరిగి నవ్వాడు. "ఊళ్లో ఇంకెవడిస్తార్రా వీళ్లకి ఇల్లు?"

ఆ మాటకు అర్థం అక్కడున్న అందరికీ తెలుసు. గుంటూరులో అద్దెకు ఇల్లు అడిగితే జీతమెంత అని తర్వాత అడుగుతారు. ముందు 'మీరేమిట్లు?' అని కులం అడుగుతారు. జయకుమారి పేరు చెప్పగానే ఖాళీగా ఉన్న ఇల్లు నిండిపోతుంది. నజీర్ పేరు చెప్పినా అంతే. నేను ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగినవాణ్ణి. అందుకే అది నాకు తగిలిన మాట కాదన్నట్టు నేల చూస్తూ నిలబడ్డాను.

"నాలాంటోళ్లంటే ఎవరు బాబూ?" అంది జయకుమారి. "సగం మింగబోకు. నోరు తెరిచి చెప్పు. నలుగురూ వింటన్నారు."

అతను 'నెలాఖరు' అని వేలు చూపించి కారెక్కాడు.

ఏప్రిల్ ఒకటో తారీఖు పొద్దున మోటారు వైరు కోసి ఉంది. రెండో తారీఖున మూడు పోర్షన్లకీ ఫ్యూజులు లేవు. గుంటూరు ఏప్రిల్ ఎలా ఉంటుందో గుంటూరులో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. రేకుల కింద ఫ్యాన్ లేకుండా మధ్యాహ్నం కూర్చుంటే ఊపిరాడదు. ఎదురుగా ఇడ్లీ బండి పెట్టుకునే పిచ్చమ్మ పొద్దున రెండు బిందెలు ఇచ్చేది. జయకుమారి షెడ్డు నుంచి వస్తూ భుజాన ఒకటి, చేత్తో ఒకటి క్యాన్లు మోసుకొచ్చేది. ఒకటి తనకి, ఒకటి మాకు. మా చిన్నవాడికి జ్వరమొచ్చిన రోజు రెండూ మాకే ఇచ్చింది.

నాలుగో రోజు నజీర్ వాళ్లు సామాను ఆటోలో వేసుకుని వెళ్లిపోయారు. ఆరో తారీఖున నేనూ బ్రాడీపేట వెనక ఒక గది చూసుకున్నాను. అడ్వాన్సు కోసం శివనాగరాజు ఆఫీసుకి వెళితే, అతను ఒక స్టాంపు కాగితం నా ముందుకు తోశాడు.

నేను తెలుగు మాస్టారిని. చదవకుండా సంతకం పెట్టానని చెప్పుకునే వీలు నాకు లేదు. అందులో ఇలా ఉంది: 'ఇల్లు శిథిలావస్థలో ఉన్నందున అద్దెదారులమైన మేము ముగ్గురమూ మార్చి 31న ఇష్టపూర్వకంగా ఖాళీ చేసి తాళాలు అప్పగించినాము.' కింద నజీర్ సంతకం. దాని కింద నా పేరు. మూడో పేరు దగ్గర ఖాళీ.

"సార్, జయకుమారిగారు ఇంకా అక్కడే ఉన్నారు కదండీ."

"ఆమె సంగతి మేం చూసుకుంటాం. మీ సంగతి మీరు చూసుకోండి."

డబ్బు కవరు అతని చెయ్యి కింద ఉంది. నేను సంతకం పెట్టాను.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. పిచ్చమ్మ చెప్పింది, జయకుమారి చెప్పింది. ఏప్రిల్ తొమ్మిదిన పదకొండు గంటలవేళ ట్రాక్టరు వచ్చింది. నలుగురు మనుషులు దిగి ముందు తలుపు ఊడబీకారు. తర్వాత వెనక తలుపు, కిటికీ రెక్కలు. పైకెక్కి రెండు రేకులు లాగేశారు. పిచ్చమ్మ బండి వదిలేసి అరిచింది. వాళ్లు వినలేదు. ఆమె ఫోన్ చేసింది.

"జయా, నీ తలుపులు పీకుతున్నారే! రావే!"

జయకుమారి షెడ్డు నుంచి లేచినది లేచినట్టే పరిగెత్తింది. చేతులు కూడా కడుక్కోలేదు. వచ్చేసరికి ఇంట్లో ఉండాల్సినవన్నీ రోడ్డు మీద ఉన్నాయి. మంచం తిరగబడి ఉంది. బియ్యం బస్తా మురిక్కాలవలో చినిగి ఉంది. గ్యాసు పొయ్యి కాలు విరిగింది. తోమా ఫోటో అద్దం పగిలి వీధి కుక్క పక్కన పడి ఉంది. తలుపులూ రేకులూ అప్పటికే ట్రాక్టరులో ఎక్కాయి. ఎండలో నిలబడితే ముఖం మీద చెమట కారుతోంది. చేతులకు కారం. తుడుచుకోవడానికి లేదు.

"ఎవరు పంపిచ్చార్రా మిమ్మల్ని?" అని అడిగింది.

"ఓనరుగారు. ఇల్లు ఖాళీగా ఉందన్నారు" అన్నాడు వాళ్లలో ఒకడు.

"ఖాళీగా ఉంటే ఈ బియ్యం ఎవరియ్యి? ఆ మంచం ఎవరిది? నువ్వు మోసుకొచ్చి పారేసింది గాలినా?"

వాడు గబగబా ట్రాక్టరెక్కాడు. ట్రాక్టరు వెళ్లిపోయింది. సందులో తలుపుల వెనక నుంచి చూసినవాళ్లు చూశారు. ఒక్కరూ బయటికి రాలేదని పిచ్చమ్మ ఇప్పటికీ తిడుతుంది.

జయకుమారి ఏం చేసిందంటే, రోడ్డు మీదున్న ఒక్కో సామానూ మళ్లీ లోపలికి మోసింది. మంచం పిచ్చమ్మ ఒక పక్క పట్టుకుంది. మిగిలిందంతా తనే. బియ్యం ఎత్తడానికి వీల్లేక వదిలేసింది. తలుపు ఉండాల్సిన చోట మిరపకాయలు ఆరబోసే పట్టా ఒకటి తెచ్చి కట్టింది. పైన రేకులు పోయిన చోట ఇంకో పట్టా. ఆ సాయంత్రం ఫెబా ఫోన్ చేసి, ఒంగోలు వచ్చెయ్యమ్మా అంటే, "నేను రావాలనుకున్నప్పుడు వస్తా. గెంటితే రాను" అని పెట్టేసింది.

మర్నాడు పోలీస్ స్టేషనుకి వెళ్లింది. ఎస్సై కంప్లయింటు చదివి, శివనాగరాజుకి ఫోన్ చేసి పిలిపించాడు. అతను రాగానే కుర్చీ చూపించాడు. జయకుమారి అప్పటికి గంటన్నరగా నిలబడే ఉంది.

"చూడమ్మా, ఇది సివిల్ మేటరు. ఇల్లు ఆయనది. ఖాళీ చెయ్యమంటే చెయ్యాలి" అన్నాడు ఎస్సై.

"ఇల్లు ఆయనదే. నేను కాదన్లా. నా బియ్యం ఎవరియ్యి సార్? నేను ఇంట్లో లేనప్పుడు నా తలుపు పీకి సామాను రోడ్డు మీదేస్తే, అది కూడా సివిలేనా?"

"నోరు పెంచొద్దు. ఇక్కడ చట్టం మాట్లాడొద్దు."

"చట్టం ఇక్కడ మాట్టాడొద్దంటే ఇంకెక్కడ మాట్టాడమంటారు?"

కుర్చీలో ఉన్న శివనాగరాజు నవ్వాడట. ఆ నవ్వు గురించి చెప్పినప్పుడల్లా జయకుమారి గొంతు మారుతుంది. తలుపులు పీకినందుకు వచ్చిన కోపం ఒకటి, ఆ నవ్వుకి వచ్చిన కోపం ఇంకొకటి అంటుంది. కంప్లయింటు ఇచ్చినట్టు రసీదు అడిగింది. ఇవ్వలేదు. అక్కడి నుంచి సరాసరి పోస్టాఫీసుకి వెళ్లి అదే కంప్లయింటు ఎస్పీ ఆఫీసుకి రిజిస్టరు చేసింది. తోమా కేసులో తిరిగిన నాలుగేళ్లు ఆమెకు డబ్బు తెచ్చిపెట్టలేదు గానీ, ఏ గుమ్మం ఎక్కడుందో నేర్పాయి.

ఆ గుమ్మాల్లో ఒకటి కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థ. అక్కడ ఆడవాళ్లకి ఆదాయం ఎంతని అడగకుండానే వకీలుని ఉచితంగా ఇస్తారు. ఆమెకు శాంతి అనే లాయరుని ఇచ్చారు. వయసు ముప్పై కూడా ఉండదు. జయకుమారి తన కాగితాలున్న ప్లాస్టిక్ కవరు బల్ల మీద బోర్లించింది. బెదిరింపులు మొదలైనప్పటి నుంచీ ఆ కవరుని అన్నం క్యారియరుతో పాటు షెడ్డుకి తీసుకెళుతోంది. రోడ్డు మీద పడకుండా మిగిలింది అదొక్కటే.

శాంతి ఆ కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

"అమ్మా, అగ్రిమెంటు రాసుకోలేదని భయపడకండి. అద్దె చీటీలున్నాయి, కరెంటు బిల్లులున్నాయి. మీరు అద్దెకుంటున్నారని చూపించడానికి ఇవి చాలు. ఇల్లు ఆయనదే కావచ్చు. ఖాళీ చేయించాలంటే నోటీసివ్వాలి, కోర్టులో కేసు వెయ్యాలి, కారణం చూపించాలి, ఆర్డరు తెచ్చుకోవాలి. ఆర్డరు లేకుండా తలుపు మీద చెయ్యి వెయ్యకూడదు. నీళ్లూ కరెంటూ ఆపకూడదు."

"మరి ఎస్సైగారు ఖాళీ చెయ్యాలన్నాడే?"

"ఆ మాట చెప్పాల్సింది ఎస్సై కాదమ్మా, జడ్జిగారు. మీరు చెయ్యాల్సింది ఒకటే. ఎట్టి పరిస్థితుల్లోనూ ఇల్లు వదలొద్దు. ఈ నెల అద్దె కూడా ఆయన బ్యాంకు ఖాతాకే పంపండి. వద్దంటే వద్దన్నట్టు ఆధారం ఉంటుంది. ఇంకో సంగతి, మే మొదటి వారం నుంచి కోర్టుకి సెలవులు. ఈలోపు ఆర్డరు రాకపోతే, సెలవుల్లో ఆయన ఇల్లు పడగొట్టేస్తాడు."

అందుకే హడావుడిగా పిటిషన్ వేశారు. ఆ రోజుల్లో జయకుమారి పనికి పోతే పట్టా ముందు ఎవరో ఒకరు కూర్చోవాలి. షెడ్డులో తనతో పనిచేసే ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు. కూలి పోగొట్టుకుని ఒక్కో పూట ఒక్కొక్కరు వచ్చి కూర్చున్నారు. నలభై మూడు డిగ్రీల ఎండలో, కరెంటు లేని గదిలో, రేకు లేని చోట పట్టా కింద. నేను ఆ సమయంలో బ్రాడీపేట వెనక ఫ్యాన్ కింద పేపర్లు దిద్దుకుంటున్నాను.

కోర్టులో శివనాగరాజు తరఫు లాయరు లేచి, "ఈమె మార్చి ముప్పై ఒకటినే ఖాళీ చేసింది. తర్వాత అక్రమంగా చొరబడింది. తోటి అద్దెదారులే రాసిచ్చారు" అని నా సంతకమున్న కాగితం ఇచ్చాడు. వాయిదా నాలుగు రోజులకి పడింది.

అప్పుడు ఒంటిపూట బడులు. పన్నెండున్నరకి గేటు తీశాం. పిల్లలు, తల్లులు, ఆటోలు. ఆ గుంపు మధ్యలో జయకుమారి నిలబడి ఉంది. చేతిలో జిరాక్సు.

"మాస్టారూ, ఒక్క మాట అడగటానికొచ్చా."

"అక్కా, ఇటు పక్కకి రండి..."

"పక్కకెందుకు? నేనేం దొంగతనం చెయ్యలా. ఇది మీ సంతకమేనా?"

"నాదే."

"మార్చి ముప్పై ఒకటిన నేను ఖాళీ చేశానా?"

"లేదక్కా."

"ఏప్రిల్ మూడున మీ చిన్నోడికి జరమొచ్చింది. నీళ్లెవరు తెచ్చారు?"

నేను తల దించుకున్నాను.

"ఎవరు తెచ్చారు మాస్టారూ?"

"మీరే."

"మరి లేని మనిషి నీళ్లెట్టా మోసింది?"

చుట్టూ ఉన్న తల్లులు చూస్తున్నారు. ఐదో తరగతి పిల్లలు చూస్తున్నారు. పొద్దున నేను వాళ్లకి చెప్పిన పాఠం ఇప్పుడు గుర్తులేదు.

"అడ్వాన్సు ఇవ్వనన్నాడక్కా. పిల్లలతో ఎక్కడికి పోవాలో తెలియలేదు..."

"నాకూ ఇవ్వలా." ఆమె కాగితం మడిచింది. అప్పటిదాకా మాస్టారూ అని, మీరు అని పిలిచిన మనిషి మొదటిసారి ఆ మర్యాద తీసేసింది. "నన్ను బయటికి గెంటింది వాడు. నేను అసలు లేనే లేనని రాసింది నువ్వు. వాడి మీదకంటే నీ మీదే ఎక్కువ మండుతోంది నాకు. వాడికి నేనెవరో తెలీదు. నీకు తెలుసు."

వెళ్లిపోయింది. నన్ను రమ్మని అడగలేదు. బతిమాలలేదు.

ఇంటికెళ్లి నా భార్యకి చెప్పాను. ఆమె అన్నం వడ్డిస్తున్నదల్లా ఆగి, "మీరు పెట్టింది అబద్ధం సంతకమని నాకెందుకు చెప్పలేదు?" అంది. తర్వాత, "వెళ్లి నిజం చెప్పి రండి. అప్పుడు తిందురుగాని" అంది.

వాయిదా రోజు నేను కోర్టుకి వెళ్లాను. లాయరు శాంతి రాసి ఇచ్చిన అఫిడవిట్ చదువుకుని సంతకం పెట్టాను. వరండాలో శివనాగరాజు నా పక్కనే వచ్చి నిలబడి, "ఇచ్చిన డబ్బు అరిగిపోయిందా మాస్టారూ?" అన్నాడు. అది నా డబ్బు. ఆరేళ్ల కిందట నేను అతని తండ్రి చేతిలో పెట్టిన డబ్బు. ఆ మాట అతని ముఖం మీద అనాలనుకున్నాను. నోరు రాలేదు. ఈ కోపం జయకుమారికి ఇరవై ఏళ్లుగా అలవాటు. నాకు కొత్త.

జడ్జిగారు అద్దాలు సర్దుకుని నా వైపు చూశారు.

"ఈ కాగితం మీద సంతకం మీదేనా?"

"నాదేనండి."

"చదివే పెట్టారా?"

"చదివే పెట్టానండి."

"ఇందులో ఉన్నది నిజమా?"

"కాదండి. నేను ఏప్రిల్ ఆరున ఖాళీ చేశాను. ఆమె అప్పటికీ, ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నారు. నా అడ్వాన్సు ఇవ్వాలంటే సంతకం పెట్టాలన్నారు. తప్పని తెలిసే పెట్టాను."

"మాస్టారు అని రాసి ఉంది. ఏం చెబుతారు మీరు?"

"తెలుగండి."

జడ్జిగారు ఇంకేమీ అనలేదు. అనకపోవడమే నాకు పడిన శిక్ష.

కోర్టు నియమించి పంపిన అడ్వొకేట్ కమిషనరు ఆ మధ్యాహ్నమే వెళ్లి ఇల్లు చూశాడు. ద్వారబంధానికి మేకులు పీకిన పచ్చి గాట్లు, కోసిన మోటారు వైరు, లోపల మంచం, పొయ్యి, బట్టలు, అన్నిటికీ ఫోటోలు తీశాడు. పిచ్చమ్మ ఇడ్లీ బండి దగ్గరే అతన్ని నిలబెట్టి తాను చూసిందంతా చెప్పింది. ఏప్రిల్ ముప్పైన, సెలవులకి మూడు రోజుల ముందు, ఆర్డరు వచ్చింది. చట్టప్రకారం ఉత్తర్వు తెచ్చుకునేదాకా ఆమె జోలికి పోకూడదు. తలుపులూ కిటికీలూ రేకులూ రెండు రోజుల్లో తిరిగి బిగించాలి. నీళ్లూ కరెంటూ ఇవ్వాలి. అవసరమైతే పోలీసులు దగ్గరుండి జరిపించాలి.

ఆ దగ్గరుండటానికి వచ్చింది అదే ఎస్సై. ఈసారి వడ్రంగి పనిచేసినంతసేపూ ఆయనే ఎండలో నిలబడ్డాడు. జయకుమారి లోపలినుంచి ఉన్న ఒక్క స్టూలు తెచ్చింది. ఎస్సై తన కోసమేననుకుని చెయ్యి చాచాడు. ఆమె దాన్ని వడ్రంగి కాలి కింద పెట్టి, "జాగర్తగా ఎక్కు నాయనా, పై మడతబందు వంకరగా ఉంది" అంది.

ఇది గెలుపని చాలామంది అన్నారు. చర్చిలో చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం ఒప్పుకోలేదు.

"ఏం గెలిచా? నా తలుపు నాకొచ్చింది. ఇరవై రెండు రోజులు తలుపు లేకుండా ఉన్నా. సీజన్లో నా కూలి పోయింది. పక్కనోళ్ల కూలి పోయింది. వాడికేం పోయింది?"

ఏమీ పోలేదు. తలుపులు పీకినందుకు పోలీసులు కేసు కట్టింది కోర్టు ఆర్డరు తర్వాతే. ఛార్జిషీటు ఇంకా పడలేదు. మధ్య పోర్షన్ ఖాళీగా ఉంది. నజీర్ వాళ్లు తిరిగి రాలేదు. ఆటో ఫైనాన్సు కట్టుకుంటూ కోర్టుకి తిరగడం తన వల్ల కాదన్నాడు. అతన్ని నేనేమీ అనలేను. నేనూ తిరిగి వెళ్లలేదు. జయకుమారి ఎదురైతే మాట్లాడుతుంది, మీరు అనే అంటుంది. కానీ ఇదివరకటిలా ఇంట్లోకి రమ్మనదు.

ఆగస్టులో శివనాగరాజు చెయ్యాల్సిన పని చేశాడు. నోటీసిచ్చాడు, ఇల్లు పాతబడింది, కొత్తది కట్టుకోవాలి అని కేసు వేశాడు. అది నడుస్తోంది. జయకుమారి ప్రతి వాయిదాకీ వెళుతుంది. మధ్యలో ఇళ్లూ చూస్తోంది. రెండు చోట్ల పేరు అడిగి, తర్వాత చెబుతాం అన్నారు.

పోయిన నెల వాయిదాకి నేనూ వెళ్లాను. వరండాలో శివనాగరాజు ఆమె దగ్గరికొచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"జయకుమారిగారూ, ఈ తిరుగుడు మనిద్దరికీ ఎందుకండీ? మీకు ఎన్ని నెలలు కావాలో చెప్పండి. ఎంత కావాలో చెప్పండి. కూర్చుని మాట్లాడుకుందాం."

నేను ఆమె ముఖం చూశాను. మెత్తబడుతుందేమో అనుకున్నాను. మెత్తబడినా తప్పు లేదు.

"ఆ రోజు వాకిట్లో నిలబడి మూడు నెలలు అడిగా బాబూ" అంది. "ఊరికే అడిగా. పైసా అడగలా. ఇప్పుడు నీకు నేను గారునయ్యా. నన్ను గారు చేసింది నువ్వు కాదు, ఆ లోపల కూర్చున్నాయన. ఏం చెప్పదల్చుకున్నా ఆయన ముందు చెప్పు."

బంట్రోతు వరసగా పేర్లు పిలుస్తున్నాడు. ఆమె పేరు వచ్చింది. "ఉన్నానండీ" అని గట్టిగా, వరండా అంతా వినబడేలా అని, చెప్పులు విడవకుండానే లోపలికి నడిచింది.